మార్కుల కాగితములో లేని గడి

సంక్రాంతి వెళ్ళిన మూడవ నాడు నా చిన్ననాటి మిత్రుడు ఫోను చేసి సాయంత్రము తన ఇంటికి రమ్మన్నాడు. అతని ఇల్లు బెంజ్ సర్కిల్‌కు దగ్గరలో, ఒక అపార్ట్‌మెంటు ఐదవ అంతస్తులో ఉంది. బాల్కనీలో నిలబడితే చెన్నై–కలకత్తా రహదారి బందరు రోడ్డును దాటే చోట వంతెన మీద లారీల దీపాలు బారులు తీరి కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల అమెరికాలో బిడ్డ లేని ఇల్లు అరుదు. మా మిత్రుని కొడుకు, కోడలు కూడా డాలస్ నుండి పండుగకు వచ్చి ఉన్నారు.

నేను వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద అరిసెల పళ్ళెము పక్కకు జరిపి ఐదు విస్కీ సీసాలు పెట్టారు. విదేశము నుండి వచ్చే ప్రయాణికుడు 2 లీటర్ల మద్యము సుంకము లేకుండా తెచ్చుకోవచ్చును. ఇద్దరి వాటాలో 750 మిల్లీలీటర్ల సీసాలు ఐదు వచ్చాయి. జాక్ డేనియల్స్, మేకర్స్ మార్క్, రిటెన్‌హౌస్ రై, వైల్డ్ టర్కీ 101, బుకర్స్. అన్నీ అమెరికా విస్కీలే. వాటిని రుచి చూసి మార్కులు వేయటము ఆనాటి కార్యక్రమము. తండ్రి, కొడుకు, కొడుకు స్నేహితులు ఇద్దరు, మొత్తము నలుగురు పరీక్షకులు.

"ఏరా డాక్టరూ, నువ్వు తాగవు కాబట్టి లెక్కల్లో తేడా రాదు. మార్కులు కూడే పని నీది" అన్నాడు మా వాడు. సరేనన్నాను.

కుర్రవాడు పద్ధతిగా ఏర్పాట్లు చేశాడు. సీసాల పేర్లు కనబడకుండా గ్లాసులకు అంకెలు వేశాడు. ఒక్కొక్క గ్లాసులో 30 మిల్లీలీటర్లు కొలిచి పోశాడు. ఘాటు తక్కువ దానితో మొదలుపెట్టి ఎక్కువ దానితో ముగించటము ఆనవాయితీ అని చెప్పాడు. కాగితము మీద నాలుగు గడులు గీశాడు: రంగు, వాసన, రుచి, మింగిన తరువాత నోటిలో నిలిచే రుచి. గడికి 25 చొప్పున నూటికి మార్కులు.

ఆ వ్యవహారమంతా నాకు ఆసక్తిగానే ఉన్నదని దాచకుండా చెబుతాను. మనము రుచి అనుకునేదానిలో చాలా భాగము నిజానికి వాసనే. నోటిలో ఉన్న ద్రవము నుండి లేచిన ఆవిరి గొంతు వెనుకగా ముక్కులోనికి చేరుతుంది. జలుబు చేసినప్పుడు గోంగూర పచ్చడి కూడా చప్పగా ఉండటానికి కారణము ఇదే. విస్కీలో వెనిల్లా వాసన వస్తున్నదని కుర్రవాళ్ళు అంటే అది గొప్పలకు పోవటము కాదు. ఓక్ చెక్కను కాల్చినప్పుడు అందులోని లిగ్నిన్ విడిపోయి వెనిలిన్ పుడుతుంది. చెక్కలోని చక్కెరలు మాడి పాకము వాసననిస్తాయి. బట్టీ నుండి దిగినప్పుడు విస్కీ నీళ్ళవలె తెల్లగానే ఉంటుంది. ఆ రంగు, ఆ వాసనలో అధిక భాగము పీపా పెట్టిన భిక్ష.

బర్బన్ అనిపించుకోవటానికి అమెరికా చట్టము నియమాలు పెట్టింది. గింజలలో కనీసము 51 శాతము మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో నిలవ ఉంచాలి. మన డెల్టాలో వరి కోసిన మాగాణిలో రెండవ పంటగా వేసే మొక్కజొన్న వంటిదే అక్కడ ఈ రూపము దాలుస్తుంది. మేకర్స్ మార్క్‌లో మొక్కజొన్నకు తోడు రై బదులు గోధుమ వాడతారు, అందుకే అది మెత్తగా ఉంటుంది. టెన్నెసీలో చేసే జాక్ డేనియల్స్‌ను పీపాలో పోయక ముందు మేపుల్ బొగ్గుల గుండా వడగడతారు. అది తయారయ్యే మూర్ కౌంటీలో మద్యము అమ్మకాలపై నిషేధము నేటికీ చాలవరకు అమలులో ఉండటము ఒక విచిత్రము. 19వ శతాబ్దములో దళారులు పచ్చి సారాయిలో పొగాకు, అయోడిన్ వంటివి కలిపి పాత విస్కీ అని అమ్మేవారు. ఆ కల్తీని అరికట్టటానికి 1897లో ఒక చట్టము వచ్చింది. దాని ప్రకారము కనీసము 4 సంవత్సరాలు నిలవ ఉంచి, సరిగ్గా 50 శాతము మద్యసారముతో సీసాలో నింపాలి. రిటెన్‌హౌస్ రై ఆ కోవకు చెందినది.

ఇంత శ్రద్ధ ఉన్న ఈ వ్యవహారములో ఒక్క గడి మాత్రము లేదు. అది ఎంత మద్యసారము లోపలికి పోయినదని చెప్పే గడి.

కూడికలు చేస్తూ నేను కాగితము అంచున ఆ లెక్క వేసుకున్నాను. పాఠకులకు కూడా అది ఉపయోగపడుతుంది. అమెరికా సీసాల మీద ప్రూఫ్ అని ఒక అంకె ఉంటుంది. దానిని సగము చేస్తే మద్యసారము శాతము వస్తుంది. వైల్డ్ టర్కీ మీద 101 అని ఉన్నది కనుక అది 50.5 శాతము. జాక్ డేనియల్స్ 40, మేకర్స్ మార్క్ 45, రిటెన్‌హౌస్ 50. నీరు కలపకుండా పీపా నుండి నేరుగా నింపే బుకర్స్ ఆనాటి సీసాలో 63 శాతము. ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్లు తాగితే మొత్తము 74 మిల్లీలీటర్లకు పైగా మద్యసారము. దానిని 0.79తో హెచ్చిస్తే బరువు వస్తుంది. అది సుమారు 59 గ్రాములు.

ఒక్క కూర్చోవటములో 60 గ్రాములు, అంతకు మించి తాగితే దానిని అతిగా తాగటముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కిస్తుంది. ఆ నలుగురూ, కేవలము రుచి చూస్తున్నామనుకుంటూనే, ఆ గీతకు ఒక్క గ్రాము ఇవతల ఆగారు. వృత్తిగా రుచి చూసేవారు మింగరు, పక్కన పెట్టుకున్న పాత్రలో ఉమ్మివేస్తారు. ఆ బల్ల మీద అటువంటి పాత్ర లేదు.

కాలేయము గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల మద్యసారాన్ని మాత్రమే ఖర్చు చేయగలదు. నిమ్మరసము, మజ్జిగ, చన్నీటి స్నానము ఆ వేగాన్ని పెంచవు. 59 గ్రాములు పోవటానికి ఆరు నుండి ఎనిమిది గంటలు పడుతుంది. మన దేశములో వాహనము నడిపేవారి రక్తములో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే నేరము. 70 కిలోల పురుషుడు ఇంత తాగితే, రెండు గంటల తరువాత కూడా దానికి ఇంచుమించు మూడు రెట్లు ఉంటుంది. ఆ కుర్రవాళ్ళలో ఒకడు కారు తాళాలు బల్ల మీదనే పెట్టుకున్నాడు.

నలుగురి కాగితాలలోను ఐదవ గ్లాసుకే అత్యధిక మార్కులు వచ్చాయి. నిజముగా అదే మేలైనదేమో. అయితే నాలుగు గ్లాసుల తరువాత ముక్కు అలసిపోతుంది, మనసు మెత్తబడుతుంది. ఆ స్థితిలో ఇచ్చిన మార్కులలో విస్కీ వాటా ఎంతో, అంతకు ముందు లోపలికి పోయినదాని వాటా ఎంతో వేరుచేయటము నా తరము కాలేదు.

అప్పుడు కొడుకు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. "మావయ్య గారూ, ఇది కల్తీ లేని సరుకు. నాన్నగారికి రాత్రి పూట ఒక చిన్న పెగ్గు పర్లేదు కదండీ? మీరు చెబితే అమ్మ కూడా ఊరుకుంటుంది."

ఆ ప్రశ్న నన్ను పాతిక సంవత్సరాలు వెనుకకు తీసుకువెళ్ళింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ మరుసటి సంవత్సరము ఉయ్యూరు వైపు నుండి ఒక చెరకు రైతు నా క్లినిక్‌కు వచ్చాడు. అంతకు ముందు సారా తాగి కామెర్లు తెచ్చుకున్న మనిషి. "ఇప్పుడు సారా ముట్టటం లేదండి. మంచి విస్కీనే, అదీ కొద్దిగానే తాగుతున్నాను" అని గర్వముగా చెప్పాడు. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. "సారా కంటే అదే నయములే" అని మందులు వ్రాసి పంపించాను.

నేను ఆడిన మాట అంతే. ఆరేళ్ళ తరువాత అతనిని పొట్ట నిండా నీరు చేరి, రక్తము కక్కుకుంటున్న స్థితిలో తీసుకువచ్చారు. అతడు దక్కలేదు. నెల దాటిన తరువాత భార్య ఏవో కాగితాల కొరకు వచ్చి, నిష్ఠూరము లేని గొంతుతో అన్నది: "మీరు మంచిది తాగమన్నారట కదండీ. అప్పు చేసైనా మంచిదే తాగేవారు."

అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధము అమలులో ఉన్న కాలములో వైద్యులు విస్కీని మందుగా చీటీ మీద వ్రాసేవారు, మందుల అంగళ్ళలో దానిని అమ్మేవారు. అది చదివినప్పుడు ఆ వైద్యులను చూసి నవ్వుకున్నవాడిని. నేను చీటీ మీద వ్రాయలేదు, నోటితో చెప్పాను. తేడా అంతే.

కల్తీ సారాలో మిథనాల్ ఉంటే అది కళ్ళు పోగొడుతుంది, ప్రాణము తీస్తుంది. మంచి సరుకు ఆ ఆపద నుండి కాపాడుతుంది, నిజమే. కాని కాలేయానికి కొవ్వు పట్టించి, వాపు కలిగించి, చివరకు గట్టిపరిచేది ఇథనాల్. అది సారాలోను, పదేళ్ళ బర్బన్‌లోను ఒక్కటే. కాలేయము దానిని ఎసిటాల్డిహైడ్‌గా మార్చేటప్పుడు సీసా ధర చూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యపానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాలలో మొదటి వర్గములో చేర్చింది. ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

మా మిత్రుడు పదిహేను సంవత్సరాలుగా మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాడు. కిందటి ఏడు స్కానింగులో కాలేయానికి కొవ్వు పట్టినట్లు తేలింది. మద్యము కాలేయము కొత్తగా చక్కెర తయారుచేయటాన్ని అడ్డుకుంటుంది. గ్లిమిపిరైడ్ వేసుకున్న మనిషి రాత్రి తాగి సరిగా తినకుండా పడుకుంటే రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. అప్పుడు కలిగే తూలటము, మాట తడబడటము చూసి ఇంటివారు మత్తు అనుకొని వదిలివేస్తారు. మెట్‌ఫార్మిన్‌తో అతిగా తాగితే రక్తములో లాక్టిక్ ఆమ్లము పేరుకొనే అపాయము ఉంది.

పండుగ నాడు, పరాయి ఇంట, నలుగురి మధ్య ఇవన్నీ చెప్పాలా అని ఒక్క క్షణము తటపటాయించాను. తరువాత మార్కుల కాగితము తిప్పి, అంచున వ్రాసిన 59ని ఆ కుర్రవానికి చూపించాను. "నాన్నగారికి ఒక్కటి కూడా పనికిరాదు బాబూ. మంచిదైనా అంతే. నేను పర్లేదని చెప్పను" అన్నాను. మాటలు ఆగిపోయాయి. మిత్రుని ముఖము ఎర్రబడింది. "మార్కులు కూడమంటే తీసివేతలు మొదలుపెట్టావేంట్రా" అని నవ్వబోయాడు కాని, నవ్వు రాలేదు. కారు తాళాలు మాత్రము ఆతని కోడలు తీసి లోపల పెట్టింది. ఆ కుర్రవాడు ఆటోలో వెళ్ళాడు.

పన్నెండు రోజులు మా వాడు నాతో మాట్లాడలేదు. పదమూడవ నాడు ఉదయము ఆరు గంటలకు మా గుమ్మములోనే నిలబడి ఉన్నాడు. కాఫీ గ్లాసు అందుకున్న చేయి వణికింది. "చిన్న పెగ్గు కాదురా. నాలుగేళ్ళుగా రోజూ రాత్రి మూడు. మావాడికి తెలియదు. నిన్న మానేసి చూశాను, నిద్ర లేదు, ఈ వణుకు" అన్నాడు. నలభై సంవత్సరాలు రోగుల నాలుకలు, కళ్ళు చూసి వ్యాధులు చెప్పినవాడిని. వారానికి రెండు సార్లు కలిసే స్నేహితుని చేతులు నాకు కనబడలేదు.

ఆ ఉదయమే అతనిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. పాఠకులు ముఖ్యముగా గుర్తుంచుకోవలసిన విషయము ఇది. దీర్ఘకాలము నుండి రోజూ తాగేవారు ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. చేతుల వణుకు, చెమటలు, గుండె దడతో మొదలై రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడా రావచ్చును. వైద్యుని పర్యవేక్షణలో తగిన మందులు, థయమిన్ విటమిన్ తీసుకుంటూ మానటము క్షేమము. అడగటములో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఇక విస్కీల రుచులు పోల్చి చూడటము సరదాగా ఉన్నవారికి నేను చెప్పగలిగినది కొద్దిగానే ఉంది. మార్కుల కాగితములో ఐదవ గడి ఒకటి గీయండి. మిల్లీలీటర్లను శాతముతో హెచ్చించి, నూటితో భాగించి, 0.79తో హెచ్చించి గ్రాములు వ్రాయండి. మింగకుండా ఉమ్మివేయటానికి పాత్ర పెట్టుకోండి. కాలేయ వ్యాధి, మధుమేహానికి మందులు, గర్భము, వాహనము నడిపే పని, ఈ నాలుగింటిలో ఏది ఉన్నా ఆ బల్ల దగ్గర నావలె కూడికలు చేసే పని తీసుకోండి. మీ బల్ల దగ్గర వైద్యుడు ఎవరైనా ఉండి "మంచిదైతే పర్లేదు" అని అంటే, ఆ మాటను నమ్మవద్దు. ఆ మాట ఒకప్పుడు నేను అన్నదే.

మా మిత్రుడు తాగటము మాని నేటికి నాలుగు నెలలు. వైల్డ్ టర్కీ సీసాను మాత్రము ఎవరికీ ఇవ్వలేదు, అద్దాల బీరువాలో ఉంచుకున్నాడు. మొన్న ఆదివారము వెళ్ళినప్పుడు దాని వైపు చూసి, "వాసనకు ఇరవై రెండు వేశానురా, గుర్తుందా" అన్నాడు. గుర్తుందన్నాను. చెల్లెమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది.