చెడిన మర



బండి యిరుసులను గూర్చియు, బోల్టులను గూర్చియు వ్రాయుటకు స్త్రీల పత్రికయే దొరకినదా యని మనలోఁ గొందఱు నవ్వవచ్చును. కాని యుద్ధమున దశరథుని రథమునకుఁ గడచీల యూడినప్పుడు, దాని చోటఁ దన వ్రేలు నుంచి రథమును నిలిపినది కైకేయి యని పెద్దలు కథగాఁ జెప్పుదురు. ఇంటిల్లిపాదియుఁ గూర్చుండి పోవు బండి దేనివలన నిలిచి యున్నదో తెలిసికొనుట యిల్లాలికిఁ దగని పని కాదని మా తలంపు.

అంతియకాక మర యన నేమో మనకుఁ దెలియనిది కాదు. పూర్వము ప్రయాణములలో మంచినీళ్లు తీసికొని పోయిన మరచెంబు మన పుట్టినింటనో యత్తింటనో యటుకమీఁద నుండియే యుండును. దాని మూఁతను వాలుగాఁ బెట్టి బలిమితోఁ ద్రిప్పినచో రెండు చుట్లు పోయి బిగిసికొనును. పిదప మూఁత రాదు. వచ్చినను మరలు నలిగి నీరు కాఱును. కారు బోల్టునకైనను ధర్మ మదియే.

మేముండునది బందరు. మావారు పాఠశాలలో నుపాధ్యాయులు. కొన్ని యేండ్ల క్రిందట నొక పాత కారును గొన్నారు. సముద్రపు టుప్పుగాలికి దాని యడుగుభాగమున నినుము త్రుప్పు పట్టుచుండును. ఇటీవల వెనుక చక్రములకడ నుండు షాకబ్జార్బరులు నూనె కాఱుచుండుటచేత మార్పింపవలసి వచ్చినది. బండి బరువును మోయునది స్ప్రింగు. గతుకులో పడి లేచిన పిమ్మట నా స్ప్రింగు మఱిమఱి యూఁగకుండ నడఁచునది షాకబ్జార్బరు. దానిలోని పిస్టను నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టుచుండును. ఆ ప్రయాసచేతనే యూఁపు చల్లారును. మా కారులో దాని క్రింది కొన రబ్బరు బుష్షు నడుమ నుంచి 12 మిల్లీమీటర్ల బోల్టుతో నిరుసునకు బిగింపఁబడి యుండును. ఆ బోల్టు జాఱినచో బండి వెనుకభాగ మెగిరెగిరి పడును. చక్రము నేల నంటి యుండదు. వేగముగాఁ బోవునప్పుడు ప్రాణముమీఁదికే రావచ్చును.

షాకబ్జార్బరులు మార్చి బండి నింటికిఁ బంపిన మఱునాఁ డుదయమున మా యత్తగారిని గంటిశుక్లము శస్త్రచికిత్సకై విజయవాడకుఁ దీసికొని పోవలసి యుండెను. సుమారు 70 కిలోమీటర్ల దారి. ఆ రాత్రి వంటయిల్లు సర్దుచుండఁగా కార్ఖానాలోఁ బనిచేయు కుఱ్ఱవాఁడు వాకిట నిలిచి పిలిచెను.

"అమ్మగారూ, రేపు బండి తియ్యొద్దని మేష్టారితో చెప్పండి. వెనక ఎడమపక్క బోల్టుకి మర పోయింది. గాలి గన్నుతో ఎక్కించాను, వంకరగా పోయింది. ఓనరుగారు జిగురు పెట్టి నిలబెట్టెయ్యమన్నారు. ఎంత తిప్పినా తిరుగుతూనే ఉందండీ, బిగవట్లేదు."

"నువ్వు వచ్చి చెప్పావని మీ ఓనరుకి తెలుసా, నాయనా?"

"తెలిస్తే రేపట్నుంచి పనిలోకి రావద్దంటారండీ."

మంచముమీఁదనుండి మా యత్తగారు వినుచునే యున్నారు. "నా కన్ను ఇంకో రెండు రోజులు ఆగుతుందిలే. ముందా పిల్లవాడికి మజ్జిగ ఇవ్వవే" అనిరి.

ఇఁకఁ జిక్కు మావారిది. కుఱ్ఱవాని పేరు చెప్పినచో వాని యన్నము పోవును. తమంతట తామే కనుగొంటి మన్నచో నబద్ధము. మాకుఁ దోఁచినదేమనఁగా, బిగువును గొలుచు టార్కు స్పానరుతో బోల్టులన్నియు మా యెదుటఁ జూపుమని యజమాని నడుగుట చాలును. ఇంత బలమునకు బిగియవలె నని కారు పుస్తకములో వ్రాసియుండును; మర లేని బోల్టు ఆ బలమును బట్టఁజాలదు, తనంతట తానే సాక్ష్యము చెప్పును. మావారట్లే యడిగిరి. యజమాని మా వాకిటికి వచ్చి చూపఁగా నెడమప్రక్క బోల్టు నిలువక గిఱ్ఱునఁ దిరిగెను. అతఁడు కుఱ్ఱవాని వంకఁ జూచెను. వాఁడు తలవంచుకొని, "నేనే చెప్పానండీ" యనెను.

యజమాని మొదట బోల్టునే యిరుసుకు వెల్డింగుతో నంటింతు ననెను. మావారు మెత్తపడకుండుటఁ జూచి, ఇరుసే మార్చవలె ననియు, దానికగు వ్యయములోఁ గొంత కుఱ్ఱవాని జీతమునఁ గోయుదు ననియుఁ బలికెను. అప్పుడు మావారెఱిఁగిన యొక వృద్ధ మేస్త్రిని బిలిపించితిమి. ఆయన చెప్పినది వినఁదగినది. వెల్డింగు వేఁడికి రబ్బరు బుష్షు కాలిపోవును. గట్టిపఱచిన బోల్టు తన సత్తువను గోలుపోవును. మఱల షాకబ్జార్బరు మార్పవలసిన నాఁడు కోసి తీయుటకంటె గతి యుండదు. ఇరుసుకడ నున్న నట్టు పగులలేదు. చెడినది దాని లోపలి మర మాత్రమే. దానికి వేఱు మందున్నది.

ఆ మందు హెలికాయిల్ అనెడి తీఁగచుట్ట. మొదట నాయన పాత బోల్టు మరలను గొలుచు పలుచని యినుపరేకులతోఁ జూచెను. మరకును మరకును నడుమ 1.25 మిల్లీమీటర్లు. బజారులో 12 మిల్లీమీటర్ల బోల్టులలోనే 1.75 ఎడముగలవియుఁ గలవు. కంటికి రెండు నొక్కటే, కాని యొకదాని తావున నొకటి పెట్టి త్రిప్పినచో రెండును జెడును. ఒకప్పుడు ప్రతి కార్ఖానా మరలును వేర్వేఱుగనే యుండెడివి. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను నాయన 1841లో మరల కెల్ల నొక్క కొలత యుండవలెనని ప్రతిపాదించెను. ఆయన మర కోణము 55 డిగ్రీలు. నేఁటి మెట్రికు మరలకు 60. ఆయన తండ్రియుఁ బిల్లలకుఁ జదువు చెప్పినవాఁడే యని మావారు సంతోషముతోఁ జెప్పుదురు.

విజయవాడ ఆటోనగరునకు బస్సులోఁ బోయి యా తీఁగచుట్టను, దానికిఁ దగిన సాధనములను దెచ్చినవాఁడు కుఱ్ఱవాఁడే. మేస్త్రి వానిని బ్రక్కఁ గూర్చుండఁబెట్టుకొని పని నేర్పెను. చెడిన మరను 12 మిల్లీమీటర్లకుఁ గొంచెము పెద్దదగు డ్రిల్లుతోఁ దొలిచిరి. పిదప నూనె వేయుచు ట్యాపుతోఁ గ్రొత్త మర కోసిరి. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు. అట్లు వెనుకకుఁ ద్రిప్పకున్నచో నినుపపొట్టు తునుగక యిఱికి ట్యాపే విఱుగును. పొట్టునెల్ల శుభ్రపఱచి, తుప్పుపట్టని యుక్కుతీఁగచుట్టను లోపలికిఁ ద్రిప్పిరి. ఆ చుట్ట రంధ్రముకంటె నించుక పెద్దది. కుదించి లోనికిఁ బంపుదురు, లోపల విప్పుకొని గోడను బట్టుకొనును. పైయంచునకుఁ బావుచుట్టు దిగువనే యాపి, త్రిప్పుటకై యుంచిన తోఁకను విఱిచి తీసిరి. లోపలి కొలత మఱల 12 మిల్లీమీటర్లే. క్రొత్త బోల్టును వ్రేళ్లతోనే యెక్కించిరి. మొదట నెడమకుఁ ద్రిప్పి, మర టిక్కుమని కూర్చున్న పిమ్మటఁ గుడికిఁ ద్రిప్పుట మేస్త్రి మర్మము. తుది బిగువు చక్రములు నేల నానిన పిదపనే. వ్రేలాడుచుండఁగా బిగించినచో రబ్బరు బుష్షు మెలిపడి త్వరలోఁ జినుఁగును.

ఇఁక ఖర్చు తగవు. "తప్పు చేసినవానికి శిక్ష లేకపోతే బుద్ధి ఎలా వస్తుంది?" అని యజమాని వాదము. మావారును గొంత యట్లే తలంచిరి. మే మిట్లంటిమి: "వాఁడు చేసిన తప్పు బోల్టును వంకరగా నెక్కించుట. చెప్పుట తప్పు కాదు. నేఁడు జీతము కోసినచో వాఁడు నేర్చుకొనునది బోల్టు సరిగా నెక్కించుట కాదు, ఇంకొకసారి నోరు మూసికొనుట." చాల సేపు మాటలు జరిగినవి. తుదకు తీఁగచుట్ట వెల మేమిచ్చునట్లును, కూలి యజమాని పెట్టుకొనునట్లును, జీతము కోయకుండునట్లును ఒడఁబడితిమి. కుఱ్ఱవాని పని నిలిచినది. యజమాని మాత్రము కొన్నాళ్లు వానితో ముభావముగానే యుండెనఁట. మా యత్తగారికి మూఁడవనాఁడు శస్త్రచికిత్స జరిగి చూపు తేటపడినది.

సోదరీమణులు గుఱుతుంచుకొనవలసినవి కొన్ని గలవు. బండి క్రింది బోల్టులను మొదటి చుట్లు చేతితోనే యెక్కింపుమనుఁడు. తుది బిగువు టార్కు స్పానరుతోఁ జూపుమనుఁడు. పనియైన పిమ్మటఁ గొంతదూరము తిరిగినపిదప మఱల నొకమాఱు చూపింపుఁడు. గతుకులలో వెనుకనుండి టకటక మను చప్పుడు విన్నచో మఱునాఁటికిఁ దోయకుఁడు.

అంతకంటె ముఖ్యమైన దొకటి. గాజుజాడి జాఱవిడిచిన పనిపిల్ల, పాలు పొంగించిన క్రొత్తకోడలు, పరీక్షలో మార్కులు తగ్గిన కుమారుఁడు మన యెదుటికి వచ్చి నిజము చెప్పుటయో మానుటయో, క్రిందటిసారి చెప్పినప్పుడు మనమేమంటిమో దానినిబట్టి యుండును. చెడిన మరను బాగుచేయుటకు మందున్నది, చెడిన దని తెలిసినప్పుడే. తెలియనీయని భయము మన యిండ్లలోఁ జొరకుండఁ గాచుకొనుట మన చేతిలోని పని.