కౌజు పిట్టల కథలో రెండో సగం

బళ్లో మనం చదివింది పావురాల కథ. చిన్నయ సూరి నీతిచంద్రికలో (1853) చిత్రగ్రీవుడు అందర్నీ కూడగట్టి వలతో సహా ఎగరేస్తాడు, ఎలుక తాళ్లు కొరుకుతుంది, శుభం. జాతక కథల్లో అదే వల కౌజు పిట్టల మీద పడుతుంది. అవీ ఎగిరి, వలని ముళ్లపొద మీద వేసి కిందనుంచి జారుకుంటాయి. వేటగాడు పొద్దుగూకేదాకా ముళ్లలోంచి వల విడదీసుకుని ఉత్త చేతుల్తో ఇంటికెళ్తే, ఇంకో కాపురం పెట్టావేమోనని పెళ్లాం దెప్పుతుంది. (నా కల్పన కాదు, జాతకంలో ఉన్నదే!)

వాడు కంగారుపడడు. అవి కొట్టుకునేదాకా ఆగుతానంటాడు.

ఓరోజు మేతకి దిగుతూ ఒక పిట్ట ఇంకోదాని తల తొక్కింది. చూళ్లేదు, ఏమనుకోకంటే వినలేదు. వల నువ్వొక్కదానివే మోస్తున్నావా అనేదాకా వెళ్లింది. తర్వాత వల పడితే నువ్వెత్తంటే నువ్వెత్తు!

రేపల్లెలో మా వీధివాళ్లం మురుక్కాలవ కోసం కలిసే తిరిగాం. పని శాంక్షనయ్యాక ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దదన్న దగ్గర తేడా వచ్చింది. తెనాలి రైలెక్కితే దారిలోనే భట్టిప్రోలు. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటికి తీసిన ధాతు పేటికల మీద క్రీస్తు పూర్వం నాటి పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. ఎవరి పేరు ముందని అప్పుడూ పేచీ వచ్చే ఉంటుందని నా అనుమానం.

అన్నట్టు, గొడవ ముదరగానే పెద్ద పిట్ట (బోధిసత్వుడే) తన మాట వినేవాటిని తీసుకుని ముందే వెళ్లిపోతుంది. మా వీధి పెద్దాయన మొన్న రాత్రి వాట్సాప్ గ్రూపులోంచి లెఫ్ట్ అయ్యారు.