అద్దె సైకిలు మీద ఒలింపిక్స్‌కి...

పోలీసులు వాడి పారేసిన బూట్లు. వాటిని చెప్పులు కుట్టే అతనికిచ్చి, రెండు రూపాయల కూలీతో ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పెరిగిన ఓ కుర్రాడు. కొత్తవి కొనే స్తోమత ఇంట్లో లేదు మరి. అతనే తులసీదాస్ బలరాం!

ఆ కుర్రాడి ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట్లో పడింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును దేశంలోనే మేటిగా తీర్చిదిద్దిన గురువాయన. ప్రాక్టీసుకు రమ్మంటే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడు బలరాం. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం తనే డబ్బులిచ్చారు. ఆ సైకిలు అతణ్ని చాలా దూరమే తీసుకెళ్లింది.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. మన జట్టు సెమీఫైనల్స్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. అప్పటికి బలరాం వయసు ఇరవై. మరుసటి ఏడాదే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. 1961లో ఆ జట్టుకి కెప్టెనయ్యాడు, లీగ్ గెలిపించాడు. అంతకు ముందు ఏడాది రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఓ గోలు, పెరూ మీద ఇంకో గోలు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం... ఈ ముగ్గురూ కలిసి కదిలితే ఎదుటి జట్టుకు ముచ్చెమటలే. అదే ఏడు అర్జున అవార్డూ వచ్చింది.

అంతా బాగుందనుకుంటుండగా 1963లో ప్లూరసీ పట్టుకుంది. ఊపిరితిత్తుల మీది పొర వాచే జబ్బది. ఊపిరి పీల్చడమే కష్టమైతే తొంభై నిమిషాలు పరుగెత్తేదెలా? ఇరవై ఏడేళ్లకే ఆట ముగిసింది. గురువు రహీం క్యాన్సర్‌తో కన్నుమూసిందీ ఆ సంవత్సరమే.

తర్వాత రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకు శిక్షణ. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో ఒంటరిగా ఉండిపోయారు. చునీకి, బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. ఆయనకు రాలేదు. ఆ బాధ చివరిదాకా ఆయన్ని వదల్లేదు.

2023 ఫిబ్రవరి 1న అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ ఇక ఆడనని ప్రకటించాడు. ఇరవై మూడు సీజన్లు ఆడి, నలభై అయిదో ఏట, తనంతట తాను తీసుకున్న నిర్ణయమది. మన టీవీల్లోనూ అది వార్తే. సరిగ్గా పదిహేను రోజులకు, ఎనభై ఆరేళ్ల బలరాం కలకత్తాలో కన్నుమూశారు. ఎప్పుడు ఆపాలో తేల్చుకునే అవకాశం ఆయనకు దక్కనే లేదు.

2024లో రహీం జీవితం ‘మైదాన్’ పేరుతో హిందీ సినిమాగా వచ్చింది. అందులో బలరాం పాత్రా ఉంది. చూసుకోవడానికి ఆయనే లేరు. మోతీనగర్‌లో, ఫిల్మ్‌నగర్‌లో కొత్త కథల కోసం తలలు పట్టుకునేవాళ్లకు అమ్ముగూడ ఏమంత దూరం? ఈ నగరానికే మరో కొసన ఉంది.