ఇటలీ అక్కాచెల్లెళ్లు... మా కడప రోడ్డు

కర్నూలు నుంచి కడపకు మీరెప్పుడైనా కారులో వెళ్లారా? రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. కొండారెడ్డి బురుజును వెనక వదిలేసి ఓర్వకల్లు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా సాగి, పెన్న దాటి కడప చేరుతుంది. ఇదివరకు 18వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లు, ఇప్పుడది 40. నాకు మాత్రం ఏ నంబరూ లేదు. ఇది పుట్టింటి దారి, అంతే. పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప. ముప్పై ఏళ్లుగా అటూ ఇటూ తిరుగుతున్నాను, అందులో ఎక్కువసార్లు ఒకే కారులో.

ఈ దారి గురించి, ఆ కారు గురించి కలిపి చెబుతాను. కార్ల గోల మనకెందుకు, అది మగవాళ్ల పేజీ అని తిప్పేయకండి. ఇది అచ్చంగా ఇంటి కథ. ఒక ఇంట్లో పుట్టిన ఇద్దరాడపిల్లల కథ!

మా కారు తెల్లటి ప్రీమియర్ 118 ఎన్.ఇ. మా మామగారు 1987లో కొన్నారు. పద్మిని కారు అందరికీ గుర్తుంటుంది, సినిమాల్లో చూసి చూసి. దీన్ని మాత్రం చాలామంది మర్చిపోయారు. పెట్టెలాగా నాలుగు పలకలుగా ఉంటుంది, సోకులేమీ ఉండవు. దీనికి ఇటలీలో ఒక చెల్లెలుందని, ఆ చెల్లెలు ప్రపంచ ప్రసిద్ధి పొందిన అందగత్తె అని నాకు చాలా ఏళ్లు తెలియదు. మా పెద్దోడు ఇంజనీరింగు చదివేటప్పుడు ఒక పుస్తకం తెచ్చి, "అమ్మా, మన బండి చెల్లెల్ని చూడు" అని బొమ్మ చూపించాడు. ఎర్రటి కారు, పైన కప్పు లేదు, ముందు రెండు సీట్లు. నేను నమ్మలేదు సుమండీ. ఇద్దరికీ ముక్కూ మొహం ఎక్కడా కలవదు.

కానీ మాట నిజమే. ఇటలీలో ట్యూరిన్ ఊళ్లో ఫియట్ కంపెనీ 1966లో '124' అనే కారు తెచ్చింది. భార్యాభర్తా పిల్లలూ కూర్చుని, వెనక డిక్కీలో సామాను వేసుకుని పోయే మామూలు సంసారపు బండి. మామూలుదే అయినా నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టారు. మరుసటేడు, 1967కి, యూరప్ ఖండానికంతా మేటి కారు అనే బహుమతి దానికే వచ్చింది. అది అక్క. అదే 1966 నవంబరులో, ట్యూరిన్ మోటారు ప్రదర్శనలో చెల్లెలు గడప దాటింది. పేరు 124 స్పైడర్. స్పైడర్ అంటే సాలెపురుగే, కానీ పురుగుకీ దీనికీ సంబంధం లేదు. సన్నటి చక్రాలతో తేలిగ్గా ఉండే గుర్రపు బళ్లను అలా పిలిచేవారట, ఆ పేరే కప్పులేని కార్లకు దక్కింది.

చెల్లెలికి బట్టలు కుట్టింది పినిన్ ఫరీనా అనే కార్ఖానా. గీత గీసినవాడు టామ్ చార్డా, అమెరికాలో పుట్టి ఇటలీ వచ్చి పనిచేసినవాడు. ఇంజను రూపకర్త ఔరేలియో లాంప్రెడి. ఈయన అంతకుముందు ఫెరారీ పందెం కార్లకు ఇంజన్లు చేసిన మనిషి! అక్క ఇంజను 1,197 సీసీలదైతే చెల్లెలిది 1,438. అక్కకు నాలుగు గేర్లు, చెల్లెలికి అయిదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ దూరం అక్కకు 242 సెంటీమీటర్లు, చెల్లెలికి 228. అక్క చీరను పద్నాలుగు సెంటీమీటర్లు మడిచి కుట్టి చెల్లెలికి గౌను చేశారన్నమాట. వెనక పేరుకొక సీటు, చంటిపిల్లలైతే పడతారు. దీని గుడ్డ టాపు గురించి అందరూ గొప్పగా చెబుతారు. డ్రైవరు సీట్లోంచి లేవకుండా, ఒక్క చేత్తో వెనక్కి తోసెయ్యొచ్చట, వాన వస్తే మళ్లీ లాక్కోవచ్చట.

ఇక్కడ కాసేపు ఆగి ఓర్వకల్లు చూడండి. రోడ్డు పక్కనే రాళ్ల గుట్టలు, ఎవరో పేర్చి మర్చిపోయినట్టు ఒకదాని మీద ఒకటి. మధ్యలో నీళ్లు. పొద్దున ఏడు గంటలకైతే చల్లగా, బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు తర్వాత ఆ రాళ్ల దగ్గర నిలబడలేం. అప్పుడే నాకు ఆ ఎర్ర కారు గుర్తొస్తుంది. మా ఎండలో టాపు తీసి పోతే మనుషులు అప్పడాల్లా వేగిపోరూ!

పొద్దున్నే బయల్దేరితే కర్నూలులోనే ఉగ్గాని, బజ్జీ కట్టించుకోండి. ఇంట్లో చేసుకున్నా క్షణాల పని. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే గట్టిగా పిండాలి, నానబెడితే ముద్దవుతాయి. ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, టమోటా, పసుపు తాలింపులో మగ్గాక బొరుగులు వేసి, దించే ముందు పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండితే చాలు. కారులోకి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కూడా పెట్టుకుంటాను నేను. మధ్యాహ్నం దాకా దిగులుండదు.

పాణ్యం దాటి నంద్యాల వస్తుంటే నేల రంగు మారుతుంది. నల్లరేగడి. నంద్యాల 2022 నుంచి జిల్లా కేంద్రమైంది, మేము మాత్రం ఇంకా కర్నూలు జిల్లా అనే అంటాం. ఇక్కణ్ణుంచి ఎడమ చేతి వైపు నల్లమల కొండలు మనతోపాటే వస్తాయి. కె.సి. కెనాల్ కూడా అక్కడక్కడ పలకరిస్తుంది. కర్నూలు దగ్గర సుంకేసుల నుంచి తుంగభద్ర నీళ్లు కడప దాకా తెచ్చే కాలువ. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఇంగ్లీషువాళ్ల కంపెనీ, వ్యవసాయానికీ పడవలకూ రెంటికీ పనికొస్తుందని తవ్వింది. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. కంపెనీకి లాభం రాకపోయినా, ఈ దారిన పచ్చగా కనిపించే వరి, మైదుకూరు వైపు పసుపు చాలావరకూ దాని చలవే. మా కారుకూ అది చేసిన మేలు తక్కువ కాదు. రేడియేటర్ వేడెక్కితే మామగారు కాలువ గట్టున ఆపి బిందెతో నీళ్లు తెచ్చి, ఇంజను కాస్త చల్లారాక పోసేవారు.

టాపులేని ప్రయాణం అన్నాను కదూ. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య పొద్దున పూట చూడండి. ట్రాక్టరు ట్రాలీల్లో, ఆటోల వెనక చెక్కల మీద, నెత్తికి తువ్వాలు చుట్టుకుని పత్తి చేలకు పోయే ఆడవాళ్లు. ఆదోని, కోసిగి వైపు నుంచైతే ఏటా మిరపకాయలు కోయడానికి పిల్లల్ని సంకనేసుకుని గుంటూరు దాకా లారీల్లో పోతారు. వాళ్లకు లేనిది నీడ. ఆ ఇటలీ కారు వాళ్లు కొనుక్కున్నది ఎండ. ఎండను డబ్బిచ్చి కొనుక్కోవడమనేది చల్లటి దేశాల ముచ్చట!

ఆ ముచ్చట తీర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అమెరికావాళ్లు. 1968 నుంచి స్పైడర్ అక్కడికి వెళ్లింది. మొత్తం తయారైనవి దగ్గర దగ్గర రెండు లక్షలు, అందులో చాలాభాగం అమెరికాకే. 1975 నుంచైతే కొన్నేళ్లు ఆ దేశానికి తప్ప ఇంకెక్కడికీ అమ్మలేదు. అక్కడి భద్రతా రూల్సు ప్రకారం ముందూ వెనకా లావాటి బంపర్లు తగిలించారు. సన్నటి పిల్ల నడుముకు దిండు కట్టినట్టయింది. అయినా ఉత్త షోకిల్లా అనుకోకండి. కొండదారుల్లో, మట్టిరోడ్ల మీద జరిగే ర్యాలీ పందాల్లో 1972లో, 1975లో యూరప్ చాంపియన్‌షిప్ గెలిచింది. ఇంజను పెరుగుతూ పెరుగుతూ రెండు వేల సీసీల దాకా వచ్చింది. చివర్లో ఫియట్ వదిలేస్తే, బట్టలు కుట్టిన పినిన్ ఫరీనావాళ్లే తమ పేరుతో 1985 దాకా అమ్మారు.

మరి అక్క సంగతి? అక్కను ఊరూరా పనికి పంపారు. రష్యావాళ్లు వోల్గా నది ఒడ్డున తోల్యాత్తి అనే ఊళ్లో ఫ్యాక్టరీ కట్టి 1970 నుంచి లాడా పేరుతో చేశారు. అక్కడి గతుకులకు తట్టుకోవాలని ఒళ్లు కాస్త పైకెత్తి, వెనక డిస్కు బ్రేకులు తీసేసి డ్రమ్ము బ్రేకులు పెట్టారు. ఆ వంశం అక్కడ 2012 దాకా సాగింది. టర్కీలో ఇంకో పేరు. స్పెయిన్‌లో సియాట్ కంపెనీ చేసింది, వాళ్లు చాలించాక ఆ అచ్చులు బొంబాయిలోని ప్రీమియర్ కంపెనీకి వచ్చాయి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో పెట్టిన కంపెనీ, పద్మిని కారు చేసిందీ వాళ్లే. ఇటలీ ఒంటికి జపాన్ నిస్సాన్ ఇంజను, 1,171 సీసీలది, పెట్టి 118 ఎన్.ఇ. అన్నారు. ఎన్.ఇ. అంటే నిస్సాన్ ఇంజనే. అది ఎప్పుడు బయటికొచ్చిందంటారా? 1985లో. అక్కడ చెల్లెలు పని మానిన ఏడే ఇక్కడ అక్క కొత్త కోడలిగా కాలుపెట్టింది. అప్పటికే దాని వయసు పంతొమ్మిదేళ్లు!

వచ్చిన వేళ కూడా అంత మంచిది కాదు. అప్పటికి మారుతి 800 వచ్చి రెండేళ్లవుతోంది, అందరి కళ్లూ దాని మీదే. అయినా డాక్టర్లు, లాయర్లు, మా మామగారిలాంటి ఇంజనీర్లు దీన్నే కొన్నారు. నలుగురు పట్టే కారులో ఏడుగురం, మధ్యలో బియ్యం మూట, కాళ్ల కింద బనగానపల్లె మామిడిపళ్ల బుట్ట... నేను నిండు నెలలతో పుట్టింటికి వెళ్లిందీ, చంకలో పిల్లాడితో తిరిగొచ్చిందీ ఇందులోనే. 2004లో మామగారు పోయాక డ్రైవరు కూడా మానేశాడు. బండి ఏడాది పాటు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. అప్పుడు నేను నేర్చుకున్నాను, ముప్పై అయిదేళ్ల వయసులో. అత్తమ్మ కంటి ఆపరేషనుకు కర్నూలు తీసుకెళ్లాల్సొస్తే నేనే నడిపాను. మైదుకూరులో టీ తాగేటప్పుడు నలుగురు మగవాళ్లు చుట్టూ చేరి చూశారు. కారునా, నన్నా అని అత్తమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

ఆళ్లగడ్డలో దేవతా విగ్రహాలు చెక్కే శిల్పులుంటారు, తీరికుంటే ఆగండి. అక్కణ్ణుంచి అహోబిలం దగ్గర. మైదుకూరు నుంచి బ్రహ్మంగారి మఠం. చెన్నూరు దగ్గర పెన్న వంతెన ఎక్కామంటే కడప వచ్చేసినట్టే. చాలా నెలలు అందులో నీళ్లకన్నా ఇసకే ఎక్కువ. కడపలో దిగగానే ఎర్రకారం పూసిన దోసె తినండి, పక్కన మజ్జిగ పెట్టుకుని!

ఇప్పుడు అసలు చిక్కుకొస్తాను. విదేశాల్లో ఆ స్పైడర్లను కళ్లకద్దుకుని చూసుకుంటున్నారు. వాటికి క్లబ్బులు, కొత్తగా చేసిన విడిభాగాలు, సంఘాలు. మధ్యలో 2016లో ఫియట్ ఆ పేరు మళ్లీ బతికించింది కూడా. తయారైందెక్కడో తెలుసా? జపాన్‌లో, హిరోషిమాలోని మజ్దా ఫ్యాక్టరీలో. అక్కకు ఇటలీ ఒంట్లో జపాన్ గుండె పెడితే, ఈ చెల్లెలికి జపాన్ ఒంట్లో ఇటలీ గుండె పెట్టారు. నాలుగైదేళ్లు చేసి ఆపేశారు. కానీ సంసారాలు మోసిన అక్కలను ఎవరూ దాచుకోలేదు. మన దగ్గర 118లు చాలా మటుకు తుక్కు కొట్లకే పోయాయి.

మా పెద్దోడి మాటా అదే. "జేజీ, దానికి పార్టులు దొరకవు, పెట్రోలు తాగుద్ది, తుక్కుకిచ్చేద్దాం" అంటాడు బెంగుళూరు నుంచి. వాడి మాటలో తప్పులేదు. పదిహేనేళ్లు దాటిన కారుకు అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది, ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో ఇంకా పెంచారు. 2021లో కేంద్రం పాతకాలపు బళ్లకని వేరే నంబరు పద్ధతి పెట్టింది, కానీ అది యాభై ఏళ్లు నిండినవాటికే. మాదానికి యాభై నిండేది 2037లో. అంటే ఇప్పుడిది ముసలిది, కానీ గౌరవించేంత ముసలిది కాదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత బండి ఉంటే, తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆర్‌సీ కాగితంలో మొదట రిజిస్ట్రేషన్ అయిన సంవత్సరం చూడండి. యాభైకి దగ్గర్లో ఉంటే తొందరపడకండి.

అత్తమ్మ మనవడితో వాదన పెట్టుకోలేదు. "నేనూ పెట్రోలు తాగుతాండానా ఏం, మాత్రలు మింగుతాండా. నన్నూ తూకానికేస్తావా?" అని మాత్రం అంది. మా తర్వాతి రెన్యువల్ 2027లో. దానికోసం ఆవిడ పింఛను డబ్బులోంచి నెలకింత తీసి బీరువాలో ఒక కవరులో వేస్తోంది. కవరు మీద పెద్ద అక్షరాలతో 'ఫియట్టు' అని రాసుకుంది. అది ప్రీమియర్ అత్తమ్మా అంటే వినదు.