రేకు డబ్బాలోని వారసత్వం

మరణించినవారి ఆస్తిని పంచేటప్పుడు ఇంటికీ, బంగారానికీ విలువ కట్టడం కష్టం కాదు. కొన్ని వస్తువులకు మాత్రం అవేమిటో తెలిస్తే తప్ప వెల కట్టలేము. కొండాపూర్ సమీపంలోని మసీదుబండలో దశాబ్దాలపాటు కార్లు బాగుచేసిన ఒక మెకానిక్ నిరుడు మరణించారు. 1998లో సైబర్ టవర్స్ వెలసే నాటికే ఆయన షెడ్డు అక్కడ ఉంది. అప్పులు తీర్చగా మిగిలినవి పనిముట్లు, కొద్ది నగదు, ఒక రేకు డబ్బా నిండా పాత కార్ల పేరుపలకలు, బానెట్ చిహ్నాలు, వీల్ క్యాపులు. పంపకానికి ఆ కుటుంబం మమ్మల్ని పిలిచింది.

భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినది నాలుగు భాగాలు చేసి కుమారునికి రెండు, ఇద్దరు కుమార్తెలకు ఒక్కొక్కటి. లెక్క ఇంతే. చిక్కు మరోచోట వచ్చింది. డబ్బాలోని రోల్స్ రాయిస్ చిహ్నం ఆరవ నిజాం పసుపుపచ్చ కారుదనీ, లక్షలు పలుకుతుందనీ ఆ ఇంట అందరి నమ్మకం. చెల్లెళ్ళు దానిని తీసుకుంటే తక్కినదంతా తనకూ అమ్మకూ చాలునని కుమారుడు ప్రతిపాదించాడు. అతని మాటలో కపటం లేదు; తండ్రి చెప్పినదే చెప్పాడు. అయితే ఆ తండ్రికి ఎవరు చెప్పారు? సనదు అడగనిదే ఉల్లేఖనాన్ని స్వీకరించరాదని విద్యార్థులకు బోధించే మేము, లోహపు ముక్క గురించిన కథను మాత్రం ఎలా స్వీకరిస్తాము?

మా పూర్వ విద్యార్థి ఒకరు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి; పాత కార్లంటే ప్రాణం. "ఉస్తాద్, ముందువైపు అందరూ మెరుగుపెడతారు, వెనకవైపు చూడాలి" అంటూ ఒక్కొక్కదానినీ తిరగేశాడు. అచ్చులో పోసిన నంబరు, బిగింపు మేకుల మధ్య దూరం, ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి అక్కడే ఉంటాయి. జింకు మిశ్రమంతో పోసిన పాత భాగాలపై క్రోమియం పూత కింద చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. అసలైన ఎనామిల్ సూదికి గీసుకుపోదు, రంగు పోతుంది.

మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆ సిల్వర్ ఘోస్ట్‌ను కోరిన 1911లోనే కన్నుమూశారు. కారు ఆయన కుమారుని కాలంలో చేరింది. ఆనాటి రోల్స్ రాయిస్ చిహ్నంపై అక్షరాలు ఎర్రనివి. 1930 ప్రాంతంలో నల్లగా మారాయి. (1933లో రాయిస్ మరణించినందుకు సంతాపంగా మార్చారంటారు, తేదీలు ఆ కథకు సరిపడవు.) మా ముందున్న దానిపై అక్షరాలు నలుపు. పైగా సూది తగలగానే రంగు లేచింది. వెనక నంబరూ లేదు, మేకులూ లేవు, జిగురు మరక ఉంది.

ఆ ఇంట కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

మిగిలినవాటిలో అంబాసిడర్ భాగాలే ఎక్కువ. మార్క్ 2 గ్రిల్లు చిన్న గళ్ళది, మార్క్ 3 గ్రిల్లు అడ్డపట్టీలది. 2014 వరకు తయారైన కారు కనుక అవి ఇప్పటికీ దొరుకుతాయి. అడుగున, నూనెగుడ్డలో, "ల్యాండ్‌మాస్టర్" అన్న పేరుపలక బయటపడింది. అంబాసిడర్‌కు ముందు, 1950లలో కొన్నేళ్ళే తయారైన కారు అది. కుమారుడు దానిని పాత ఇనుముకు వేసే సంచిలో పడవేయబోయాడు!

వేటి ధర వాటికి రాసి, అన్నీ అమ్మి, సొమ్మునే పంచాము. పేరుపలకను గచ్చిబౌలి నుంచి వచ్చిన ఒక సేకర్త కొన్నారు. దాని చివరి అక్షరం ఒకప్పుడు విరిగి అతికించినదని కుమారుడే తిప్పి చూపించాడు. ఆయన కొంత ధర తగ్గించి తీసుకున్నారు.