తొడలో సూది, వీపు మీద కర్ర

పశువుకు చీముగడ్డ కోసిన ప్రతిసారీ నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "సూది ఎవరు వేశారు?" జవాబూ మారదు. "మా ఊరాయనే సార్, హస్తవాసి మంచిది." పలమనేరు దగ్గరి గంగవరం చుట్టుపక్కల కొట్టాల్లో ఈ మాట విని విని విసిగిపోయాను. హస్తవాసి సంగతి తర్వాత. సూది శుభ్రమైనదేనా? పొడిచిన చోటు సరైనదేనా?

ఆ మధ్య ఒక ఇంట్లో సంకరజాతి ఆవును చూశాను. కుడి తొడ వెనక కొబ్బరికాయంత గడ్డ. ఆ కాలు నేల మీద మోపలేకపోతోంది, పాలు సగానికి పడిపోయాయి. జ్వరమని వరసగా అదే తొడలో పొడిచారట, అదీ పక్కింటి ఎనుముకు వేసిన సూదితోనే. గడ్డ లేచాక అది కరగాలని మళ్లీ అక్కడే ఇంకో రెండు పోట్లు! లావు సూదితో లాగి చీమేనని తేల్చుకున్నాను. గడ్డ కింది అంచున కోసి, పిండి, పోవిడోన్ అయోడిన్‌తో కడిగి, గాజుగుడ్డ పెట్టాను. అంతసేపూ ఆ ఇల్లాలు ఆవు గంగడోలు నిమురుతూనే ఉంది. "రోగం పోవాలని సూది వేయిస్తే రోగమే వచ్చింది కదా సార్" అంది. ఆమెను ఏమని కోప్పడను?

చర్మం మీది పేడ, మట్టి, వాటిలోని క్రిములు సూది మొనతో పాటు కండ లోతుకు దిగుతాయి. ఒంటికి అది తెలిసి చుట్టూ గోడ కడుతుంది. ఆ గోడ దాటి మందు సరిగా లోపలికి పోదు. అందుకే గడ్డ పండాక ఎన్ని యాంటీబయాటిక్ సూదులు వేసినా డబ్బు దండగ. చీముకు దారి ఇవ్వాల్సిందే.

పైకి గడ్డ కనిపించిన పశువు ఒక రకంగా అదృష్టవంతురాలు. కనిపించనివాటి సంగతి కబేళాలో మాంసం తనిఖీ చేసేటప్పుడు తెలుస్తుంది. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, దూడను కోయకూడదు. ఇక పనికిరాదని పశువైద్యుడు రాసిచ్చిన ఎనుములు, ఎద్దులే అక్కడికి వస్తాయి. నున్నటి చర్మం ఒలిచేసరికి తుంటి మీద, నడుం మీద నల్లగా కమిలిన కండ, దాని మీద జిగురుగా గడ్డకట్టిన నెత్తురు. ఎర్రగా ఉంటే ఆ రోజు తగిలిన దెబ్బ. అంచులు పసుపు తిరిగితే రోజుల నాటిది. కత్తి తొడలోకి దిగితే ఎప్పటిదో చీము. నెత్తురు ఇంకిన మాంసం త్వరగా కుళ్లుతుంది, కాబట్టి దాన్ని కోసి పారేయాలి. చీము ఒకచోటే ఉంటే అంతవరకు తీసేస్తాం. ఒళ్లంతా పాకితే మొత్తం పశువునే పూడ్చాలి. చెక్కి పారేసిన ఒక్కో ముక్క వెనక ఆ పశువు ఎంత నొప్పి పడిందో ఏ తూకంలోనూ కనిపించదు.

అమెరికాలోనూ ఈ నష్టం ఉండేది. అక్కడ 1991లో గొడ్డుమాంసం నాణ్యతపై దేశవ్యాప్తంగా సర్వే జరిపారు. సూదుల మచ్చలు ఖరీదైన తుంటి మాంసంలో పడుతున్నాయని తేలింది. మచ్చ చుట్టూ కొన్ని అంగుళాల దాకా కండ గట్టిపడుతుంది. సూది మెడలో వేయండని రైతుల వెంటపడి చెప్పారు, పదేళ్లలో ఆ మచ్చలు బాగా తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు, పొడిచే చోటు మార్చారంతే.

కమిలిన దెబ్బల్లో చాలా భాగం బండి ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ తగిలేవే. ముక్కుతాడు లాగుతారు, తోక మెలిపెడతారు, కర్రతో వీపు మీద బాదుతారు. లోపల కొమ్ములతో ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. పశువుల రవాణా నిబంధనలు 1978లోనే వచ్చాయి: మామూలు లారీలో ఆరు పశువులకు మించి ఎక్కించకూడదు, ఎక్కించడానికి పలక ఉండాలి, ప్రయాణానికి తగినదని పశువైద్యుడి పత్రం ఉండాలి. పలమనేరు రోడ్డు మీద ఒక లారీలో ఎన్ని కొమ్ములు కనిపిస్తాయో దారిన పోయే ఎవరినైనా అడగండి!

"అమ్మేశాక మాకేం నష్టం సార్?" అంటారు రైతులు. మీకే నష్టం నాయనా. సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడే మనిషి మొదట తొడ నొక్కి చూస్తాడు. లోపల ఏముందో అతనికీ పూర్తిగా తెలియదు. అందుకే ఎంత చెక్కి పారేయాల్సి వస్తుందో ముందే లెక్కేసి అందరి పశువులకూ ధర తగ్గించి అడుగుతాడు. బిడ్డలా సాకినవాడూ, బాది తోలినవాడూ ఒకే ధరకు అమ్ముకోవాలి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

సూది మెడలో వేయమనండి, కొత్త సూది తీయమనండి. సూది వేసేది నేనైనా సరే, అడగండి. పశువును తోలేటప్పుడు బండిని మట్టిదిబ్బకు ఆనించి పెట్టించండి, లోపల వరిగడ్డి పరచండి, కర్ర ఇంట్లోనే వదిలేయండి. పశువు వాసన చూసుకుని, అడుగు తడుముకుని తనంతట తాను ఎక్కేదాకా ఆగండి. డ్రైవరు హారన్ కొడితే కొట్టనీండి.