తిరగబడ్డ ఫ్యాను

మా నాయన అంబాసిడర్‌కు నాకంటే వయసు ఎక్కువ. ఆళ్లగడ్డలో దాన్ని బాడుగకు తోల్తాడు. అహోబిలం పోయే భక్తులు, ముహూర్తాల్లో పెళ్లిళ్లు. ఎండాకాలం వస్తే దానికి ఒకటే జబ్బు. జనంలో ఇరుక్కుని ఆగిందంటే ఇంజను కాగిపోతుంది. దాని ఫ్యాను వాటర్ పంపుతో పాటు బెల్టు మీద తిరుగుతుంది కాబట్టి ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదే. గాలి బాగా కావాల్సినప్పుడే తక్కువ వస్తుంది.

పోయిన వేసవి సెలవుల్లో నాయన అడిగాడు. "ఏమ్రా, కరెంటు చదువు గదా నీది, మారుతీ బండ్లకుండే ఫ్యాను మనదానికి పెట్టలేవా?" మూడేళ్లలో నా చదువు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. చూద్దాం అనాల్సింది. "అదెంత పని నాయనా" అన్నాను.

నంద్యాలలో పాత సామాన్ల అంగట్లో ఫ్యాను దొరికింది. తెలిసిన షెడ్డులో మేస్త్రీ పాత రెక్కలు విప్పి, రేడియేటర్ వెనక కొత్తదాన్ని బిగించాడు. పంపు, ఆల్టర్నేటర్ తిరగాలి కాబట్టి బెల్టు అట్లే ఉంచాడు. వైరింగ్ నాది. స్టార్టయ్యేటప్పుడు మోటారు చాలా కరెంటు లాగుతుంది, మామూలు స్విచ్ తట్టుకోదు, రిలే కావాలి. బ్యాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడినుంచి రిలే 30వ పిన్ను. 87 నుంచి ఫ్యానుకు. 86కు తాళం తిప్పితే వచ్చే సప్లై. 85 నుంచి థర్మో స్విచ్ మీదుగా ఎర్త్. ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టాను. దూరంగా పెడితే, మధ్యలో వైరు బాడీకి తగిలినప్పుడు అది కాపాడలేదు. ఇవన్నీ కరెక్టే చేశాను. ఫ్యాను వైర్లు రెండూ మసిపట్టి ఒకే రంగులో ఉన్నాయి. మేస్త్రీ భోజనానికి పోయాడు. నేను ఆగలేదు.

అరగంట ఇంజను ఆడించాం. నీళ్లు కాగాయి, రిలే టక్‌మంది, ఫ్యాను తిరిగింది, ముల్లు దిగింది. నాయన మొహం చూడాలి అప్పుడు!

శిరివెళ్ల దాటాక ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. పక్కకు ఆపితే మెల్లగా దిగింది. కదిలితే మళ్లీ ఎక్కింది. అంతకుముందు ఆగితే కాగే బండి, ఇప్పుడు నడిస్తే కాగుతోంది. "థర్మోస్టాట్ పోయుంటుంది" అన్నాను. తెలిసి కాదు, అది నేను పెట్టిన సామాను కాదు కాబట్టి. మరుసటి రోజు నాయన డబ్బు పెట్టి కొత్తది వేయించాడు. జబ్బు పోలేదు. ఆ వారం ఒప్పుకున్న పెళ్లి బాడుగ వేరే బండికి ఇచ్చేశాడు.

ఒక సాయంత్రం ఇంజను ఆన్‌లో పెట్టి బండి ముందర కూర్చున్నాను. రిలే టక్‌మంది. మొహానికి వేడిగాలి కొట్టింది. పేపరు తెచ్చి జాలీకి ఆనించాను. ఫ్యాను లోపలికి లాగితే అది అతుక్కోవాలి. ఎగిరి నా మీద పడింది. ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. డీసీ మోటారు, ఇంకేముంది, ఎదురు తిరిగింది. ఆగి ఉన్నప్పుడు ఏ వైపు తోలినా గాలి గాలే, కొంత చల్లబడుతుంది. రోడ్డు మీద ఎదురుగాలి లోపలికి తోస్తుంటే మన ఫ్యాను బయటికి తోస్తోంది. ఈఈఈ మిత్రులారా, నవ్వండి పర్వాలేదు. వైవాలో ఇదే ప్రశ్నకు నేను టపీమని జవాబు చెప్పాను.

నాయన ఇంట్లో లేడు. రెండు నిమిషాల్లో మార్చేసి నోరు మూసుకోవచ్చు. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. చాలాసేపు అరుగు మీద కూర్చున్నాను.

వచ్చాక చెప్పాను. "వైర్లు తిరగేసి పెట్టింటి నాయనా. థర్మోస్టాట్ బాగానే ఉన్నింది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. "పాతది డిక్కీలోనే ఉందిలే, పారేయలేదు" అన్నాడు. తర్వాత టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. "మార్చు. ఏది దేనికో నాకూ చెప్పు."

ఇప్పుడు అహోబిలంలో బండి ఆపినప్పుడల్లా, ఫ్యాను తిరుగుతుంటే, దిగి జాలీకి పేపరు ఆనించి చూస్తున్నాడంట. అమ్మ ఫోన్లో చెప్పింది.